డబ్బు ఇంటిదాకా, పార్సిల్ సగం దారిదాకా

తమిళనాడు దక్షిణాన, పడమటి కనుమలకూ నల్లరేగడి మైదానాలకూ మధ్యనున్న ప్రాంతం దేశానికి ఎన్నో సరుకులు పంపుతుంది. మన ఇళ్ల గోడల మీది తెలుగు క్యాలెండర్లలో చాలావరకు శివకాశి ముద్రణాలయాలవే. ఆసుపత్రుల్లో కట్టుకట్టే గాజుగుడ్డకు రాజపాళయం పక్కనున్న ఛత్రపట్టి పెట్టింది పేరు. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు 2019లో, కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఇదే ప్రాంతంలో, విరుదునగర్ జిల్లా కనుమల అంచునున్న వత్రాప్ లాంటి చిన్న పట్టణానికి బయటి నుంచి ఒక పుస్తకమో మందుల పొట్లమో రావాలంటే మాత్రం గడప దాకా వస్తుందన్న భరోసా లేదు.

వరస అందరికీ తెలిసిందే. పొద్దున్నే ఫోన్‌కు ‘డెలివరీకి బయలుదేరింది’ అని మెసేజ్ వస్తుంది. మనిషి ఇల్లు కదలకుండా కూర్చుంటాడు. సాయంత్రానికి ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని మరో మెసేజ్. ఎవరూ రాలేదు, ఫోనూ మోగలేదు. మర్నాడు ‘అడ్రస్ దొరకలేదు’. ఆ తర్వాత ఫోన్ చేసి, శ్రీవిల్లిపుత్తూరులోని బ్రాంచికి వచ్చి తీసుకెళ్లమంటారు. వెళ్లకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే నంబర్లు నొక్కిస్తారే తప్ప మనిషి పలకడు. వత్రాప్‌లోనే కాదు, తెలుగు రాష్ట్రాల మండల కేంద్రాల్లోనూ ఎవరినడిగినా ఇదే కథ చెబుతారు. ఏదో ఒక్క కంపెనీకి అంటిన జబ్బయితే వదిలేసి మరొకరి దగ్గరికి పోవచ్చు. ఈ వ్యాపారం నడిచే తీరులోనే లోపం ఉంది.

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్, రాజపాళయం చుట్టుపక్కల ఊళ్లలో శతాబ్దాలుగా తెలుగు ఇంటిభాషగా నిలిచిన కుటుంబాలున్నాయి. అక్కడి పుస్తకాల షాపుల్లో తెలుగు పుస్తకం దొరకదు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాల్సిందే. తెలుగు రాతతో వారికి మిగిలిన బంధం ఆ పార్సిలే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ అనే పల్లె ఇద్దరు గొప్ప తమిళ రచయితలను ఇచ్చింది. ఒకరు కి.రాజనారాయణన్, మరొకరు కు.అళగిరిసామి. ఇద్దరి ఇంటిభాషా తెలుగే. అళగిరిసామి తన మిత్రుడు రాజనారాయణన్‌కు రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చి తమిళ సాహిత్యంలో నిలిచిపోయాయి. ఆ పల్లెలో తపాలా బంట్రోతు ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని రాసి సంచి వెనక్కి తిప్పి ఉంటే ఆ పుస్తకమే ఉండేది కాదు.

ప్రభుత్వ తపాలా కూడా ఈ మధ్య మారింది. తక్కువ ధరకు పుస్తకాలు చేరవేసిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఆపేశారు. ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టాక 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు అన్నది మంచి ధరే. కానీ పత్రికలకు అది వర్తించదు. 2025లోనే రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇన్ని మార్పుల మధ్యా ఒక మాట ఒప్పుకోవాలి. దేశంలోని సుమారు 1.64 లక్షల పోస్టాఫీసుల్లో దాదాపు 90 శాతం పల్లెల్లోనే ఉన్నాయి. కనుమల కింది ఊరికి కూడా రోజూ మనిషిని పంపగల యంత్రాంగం నేటికీ అదొక్కటే.

ప్రైవేటు కొరియర్ పని వేరుగా నడుస్తుంది. పార్సిల్ ఊరూరి నుంచి పెద్ద హబ్‌కు, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి, ఆపైన ఫ్రాంచైజీకి చేరుతుంది. హబ్‌ల మధ్య లారీ నిండుగా నడుస్తుంది కాబట్టి ఒక్కో పార్సిల్‌పై ఖర్చు తక్కువ. అసలు ఖర్చంతా చివరి పాతిక కిలోమీటర్లలో ఉంది. చాలాచోట్ల ఫ్రాంచైజీకి పార్సిల్‌కు ఇంత అని ముట్టజెప్పి కంపెనీ చేతులు దులుపుకుంటుంది. బండిమీద తిరిగే కుర్రాడికీ పార్సిల్ లెక్కనే కూలి. పట్టణంలో ఒక్క వీధిలోనే పది ఇచ్చేయగలవాడు, వత్రాప్ వైపు ఒక్క పార్సిల్ కోసం పెట్రోలు పోసుకుని వెళితే ఆ కూలి దారిఖర్చుకే చాలదు. కంపెనీలు ధరల్లో పోటీపడి కిరాయి తగ్గించిన కొద్దీ ఆ కోత చివరికి ఈ కుర్రాడి మీదే పడుతుంది. ‘తాళం వేసి ఉంది’ అన్న అబద్ధం అక్కడ పుడుతోంది. ఆ అబద్ధం చెప్పక తప్పని లెక్క రాసింది మాత్రం పైనున్నవాళ్లు. కాబట్టి కుర్రాడి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

ఆలస్యం కన్నా ఈ తప్పుడు నమోదే పెద్ద నేరం. ఆలస్యమైతే కంపెనీ లెక్కలో అది కంపెనీ వైఫల్యంగా కనిపిస్తుంది. ‘కస్టమర్ లేరు’ అని రాస్తే వైఫల్యం కస్టమర్ ఖాతాలోకి మారుతుంది. పాల్‌కోవా లాంటి సరుకు నాలుగు రోజులు గోదాములో పడి ఉంటే చెడిపోతుంది. అమ్మినవాడు డబ్బు వాపసివ్వాలి, కొన్నవాడు మళ్లీ ఆ షాపు జోలికి పోడు. తప్పు రాసినవాడికి పోయేదేమీ లేదు.

నష్టపోయినవాడు అడగబోతే రసీదు వెనక సన్నటి అక్షరాలు ఎదురొస్తాయి. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, సంతకం చేసిన కన్‌సైన్‌మెంట్ నోటులో కొరియర్ బాధ్యత 100 డాలర్లకే పరిమితమని ఉంటే అంతకు మించి ఇప్పించలేమని తీర్పు చెప్పింది. కొరియర్ ఏజెన్సీలకూ వర్తించే 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, పంపేవాడు విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టకపోతే సరుకు పోయినా పరిహారం కిరాయికి పదిరెట్ల వరకే. 80 రూపాయలు కట్టి పంపిన పట్టుచీర పోతే 800 దాటదన్నమాట. తపాలా శాఖకైతే 1898 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలోనూ, నిబంధనల్లో చెప్పిన మేరకు తప్ప బాధ్యత లేదు.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పొట్టకూటికి చిన్న షాపు నడుపుకునేవాడూ ఈ చట్టం కింద వినియోగదారుడే. ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. 1915 హెల్ప్‌లైన్ ఉంది. కానీ 300 రూపాయల పుస్తకం కోసం కమిషన్ మెట్లెక్కేవారు ఎందరు? ఎవరూ ఎక్కరన్న ధైర్యంతోనే ఈ సేవ ఇలా దిగజారింది.

కంపెనీల వాదననూ వినాలి. పల్లెల్లో ఇంటి నంబర్లు సరిగా ఉండవు. డబ్బు అక్కడే ఇస్తామని ఆర్డర్ పెట్టి, తీరా వచ్చాక వద్దనేవారున్నారు. ఒక్క పార్సిల్ కోసం అంత దూరం పోవడం గిట్టదు. ఇవన్నీ నిజాలే. అయితే గిట్టదన్న సంగతి బుకింగ్ కౌంటరులోనే చెప్పాలి. ఊరి సెంటర్లోని ఒక షాపులో దించుతాం, కిరాయి తగ్గిస్తాం అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఇంటికి చేరుస్తామని సొమ్ము, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకుని, ఆ చివరి దారి ఖర్చును కస్టమర్ నెత్తిన వేయడం మాత్రం వ్యాపారం కాదు, మాట తప్పడం. ఇక అడ్రస్ సంగతంటారా, తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్ సాయంతో తయారుచేసిన డిజిపిన్ నాలుగు మీటర్ల చదరం దాకా చోటు చూపిస్తుంది. వాడుకోవాలన్న మనసుంటే చాలు.

బ్రిటన్‌లో ఉత్తరాల సేవకు లక్ష్యాలు పెట్టి, ఫలితాలు బయటపెట్టి, తప్పితే జరిమానా వేసే నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఉంది. ఫస్ట్ క్లాస్ ఉత్తరాల్లో 93 శాతం మర్నాటికే చేరాల్సి ఉండగా 2024-25లో 77 శాతమే చేర్చినందుకు రాయల్ మెయిల్‌కు 2.1 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అక్కడా సేవ పడిపోయింది. కానీ ఎంత పడిపోయిందో అందరికీ తెలిసింది, దానికి వెల కట్టారు. మన దేశంలో కొరియర్ల సేవా ప్రమాణాలు చూసే ప్రత్యేక నియంత్రణ సంస్థే లేదు. అలాగని మనకు చేతకాదనీ కాదు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోతపడితే, ఐదు రోజుల్లో తిరిగి వేయని బ్యాంకు రోజుకు 100 రూపాయల చొప్పున, ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలని 2019లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పార్సిల్‌కూ అదే సూత్రం పెట్టవచ్చు.

కేంద్రం చేయాల్సినవి మూడు. ప్రతి కంపెనీ పిన్ కోడ్ వారీగా ఎన్ని పార్సిళ్లు మొదటిసారే ఇంటికి చేర్చిందో మూడు నెలలకోసారి ప్రకటించాలి. ఇంటికి వెళ్లామని రాయాలంటే ఆ చోటి జీపీఎస్ గుర్తు, ఫోన్ కాల్ నమోదు ఉండాలి. లేకుంటే అది కంపెనీ వైఫల్యంగానే లెక్కపడాలి. చెప్పిన గడువు దాటితే కిరాయి వాపసు దానంతటదే జరగాలి. దూరపు ఊళ్లకు వెళ్లే కుర్రాళ్లకు కిలోమీటర్ల లెక్కన కూలి కట్టిస్తే మూడూ ఆచరణలో నిలుస్తాయి.

అంతదాకా పాఠకులు ఒక పని చేయాలి. తాళం వేసి ఉందని మెసేజ్ వచ్చిన క్షణాన దాన్ని భద్రపరచి, అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జవాబు రాకపోతే 1915కు చెప్పండి. ఒక్కరు చేస్తే అది గొణుగుడుగానే మిగులుతుంది. ఊరు ఊరంతా చేస్తే సాక్ష్యమవుతుంది.