అతుకుపనికి కూలి లేదా?

మన సాహిత్య విమర్శలో అల్లిక పొగడ్త, అతుకు తిట్టు. పెద్దన అల్లికను శతాబ్దాలుగా మెచ్చుకుంటున్న భాషలోనే, నచ్చని నవలను 'అతుకుల బొంత' అని తీసిపారేస్తాం. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనుక ఇలాంటి మాటల మీద నాకు పట్టింపు ఎక్కువ. అయితే సంగతి మాటలతో ఆగలేదు. కూలి లెక్కలోనూ ఇదే తీర్పు నడుస్తోంది.

మేముండే కీసరలో ఎంతోమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చునే చీరలకు ఫాల్ కుడతారు, బ్లౌజులకు హుక్కులు కుడతారు. మా వీధిలో ఒకావిడ సిటీలోని ఒక దుకాణం కోసం లావు ఉన్నితో స్వెట్టర్లు అల్లుతుంది. మన చలికి అంత మందం అక్కర్లేదు. అవి అమెరికాలో ఉన్న మనవలకు వెళ్తాయి. ఆమెకిచ్చే కూలి ఉన్ని తూకాన్ని బట్టి. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి, అన్నీ కలిపి కుట్టి ఇవ్వాలి. కుట్టడానికి పట్టే దారం తూకానికి ఆనదు కాబట్టి ఆ పనికి పైసా రాదు. "అల్లినదానివి, కుట్టలేవా?" అంటారట దుకాణం వాళ్ళు.

ఆ కుట్టడం ఏమిటో చూద్దాం. భుజాలు రెండు, చేతులు అతికే చోట్లు రెండు, చంకనుంచి సాగే పక్కలు రెండు. ముక్కలను మంచివైపు పైకి ఉండేలా పక్కపక్కన పరచి, మొద్దు మొన సూదితో అంచు దగ్గరి అడ్డపోగును ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి ఎత్తుతూ పోవాలి. నాలుగైదు వరసలకోసారి దారం లాగితే అంచులు లోపలికి ముడుచుకుని కుట్టు మాయమవుతుంది. ఎక్కువ లాగితే ముడతలు, తక్కువ లాగితే సందులు. ఆ లావు ఉన్నితోనే కుడితే లోపల తాడులా గట్టు లేస్తుంది; అందుకని అదే రంగులో సన్న దారం వెతుక్కోవాలి. అంగుళానికి నాలుగు వరసలుండే అల్లికలో రెండు వరసలు తప్పితే ఒక పక్క అరంగుళం వేలాడుతుంది. విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ గంట ఎవరి ఖాతాలో రాయాలి?

కుట్టు బాగా కుదిరితే కనపడదు. చూసేవాళ్ళు అల్లికనే మెచ్చుకుంటారు. కుదరకపోతే వెంటనే కనపడుతుంది, స్వెట్టర్ వాపసు వస్తుంది. అంటే ఈ పనికి తప్పు పట్టడానికి లెక్క ఉంది, కూలి ఇవ్వడానికి లేదు.

ఇదేమీ కొత్త కాదు. నర్సాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. అక్కడ పూలు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపేవాళ్ళు వేరు. కలిపే పనికి అతుకుపని అనే పేరైనా ఉంది. గంటల తరబడి వంగి కూర్చున్నా రోజుకు రూపాయి దక్కని ఆ స్త్రీలు వ్యాపారుల దృష్టిలో కూలీలు కారు, తీరిక వేళల్లో లేసు అల్లుకునే గృహిణులు. ఆ ఒక్క మాటతో కూలి రేటూ పని గంటలూ లెక్కలోంచి ఎగిరిపోయాయి. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు కూలిని నిర్ణయించదు. ఇంట్లో పనిచేసే కార్మికులను మిగతా కార్మికులతో సమానంగా చూడాలన్న 1996 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

స్త్రీవాద విమర్శలోనూ కుట్టు, అల్లిక స్త్రీల రచనకు ప్రతీకలయ్యాయి. కానివ్వండి. కానీ సూది పట్టిన చేతిని ప్రతీకగా మార్చుకుని, ఆ చేతికి రావలసిన డబ్బు ఊసెత్తకపోతే, ఆ దుకాణం వాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

అడగవలసింది చిన్నదే. దుకాణం రాసే చీటీలో అల్లిక కూలి కింద ఇంకో వరస ఉండాలి: అతుకు కూలి, ఇన్ని గంటలకు ఇంత అని. విప్పి మళ్ళీ కుట్టిన గంట కూడా అందులో చేరాలి. స్వెట్టర్ కొనేవాళ్ళు ముందుగా ఆ వరస ఉందో లేదో అడగాలి.