ఎలక్ట్రానిక్ వైద్య రికార్డుల గోప్యత - ఎస్టోనియాలో బ్లాక్‌చెయిన్

వైద్య రికార్డుల రక్షణకు బ్లాక్‌చెయిన్ వినియోగం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఉదాహరణగా పేర్కొనబడే దేశం ఎస్టోనియా. సుమారు 13 లక్షల జనాభా గల ఈ బాల్టిక్ తీర దేశంలో జాతీయ ఆరోగ్య సమాచార వ్యవస్థ 2008లో ప్రారంభమైనది. అయితే అక్కడ రోగుల వివరాలు బ్లాక్‌చెయిన్‌లో దాచబడి ఉన్నాయని తరచు వినవచ్చే మాట సరియైనది కాదు.

'''నేపథ్యం'''

2007లో ఎస్టోనియా ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, పత్రికల వెబ్‌సైట్లపై పెద్దయెత్తున సైబర్ దాడులు జరిగాయి. అదే సంవత్సరం గార్డ్‌టైమ్ అనే సంస్థ అక్కడ స్థాపించబడినది. పది లక్షలకు పైగా పౌరుల ఆరోగ్య రికార్డులకు ఈ సంస్థ పద్ధతిని వర్తింపజేయనున్నట్లు 2016లో ప్రకటించారు.

'''పనిచేసే విధానం'''

రికార్డు మామూలు డేటాబేసులోనే ఉంటుంది. దాని నుండి గణితపద్ధతిలో "హాష్" అనే సంఖ్యను రాబడతారు. రికార్డులో ఒక్క అక్షరం మారినా హాష్ పూర్తిగా మారిపోతుంది. హాష్‌ను బట్టి రికార్డును తెలుసుకోవడం మాత్రం సాధ్యం కాదు. ఇట్టి హాష్‌లను ఒకదానితో ఒకటి ముడివేయగా ఏర్పడేదే గొలుసు. గొలుసు తుది సంఖ్యను నియమిత కాలంలో వార్తాపత్రికలో అచ్చువేస్తారు. అచ్చయి ఊరూరా చేరిన పత్రికను వెనుకకు తెచ్చి దిద్దడం ఎవరి తరమూ కాదు గదా!

ఏ వైద్యుడు ఎవరి రికార్డును ఎప్పుడు చూశాడో నమోదు చేసే చిట్టా ఇందులో ముఖ్యమైనది. రోగి తన జాతీయ గుర్తింపు కార్డు సాయంతో ఈ చిట్టాను స్వయంగా చూడవచ్చు. చికిత్సతో సంబంధం లేనివారు రికార్డును తెరవడం చట్టవిరుద్ధం. చిట్టాను గొలుసుకు ముడివేసినచో, డేటాబేసు నిర్వాహకుడు సైతం ఆ జాడను రహస్యంగా చెరపలేడు. అనగా ఇది తాళం వంటిది కాదు, సాక్షి వంటిది.

'''పరిమితులు'''

దొంగ నకలు తీసుకొనిపోయినంత మాత్రాన అసలు రికార్డు మారదు. కనుక హాష్ కూడా మారదు. ఈ పద్ధతి మార్పును పట్టిస్తుందే గాని చౌర్యాన్ని ఆపలేదు. 2023లో ఎస్టోనియాలోనే ఒక జన్యుపరీక్షల సంస్థ నుండి సుమారు 10 వేల మంది సమాచారం, 2024లో ఒక మందుల దుకాణాల సముదాయపు ఖాతాదారులు సుమారు 7 లక్షల మంది వివరాలు చోరీ అయ్యాయి. ఇవి రెండూ జాతీయ వ్యవస్థకు వెలుపల, ప్రైవేటు సంస్థల వద్ద ఉన్న సమాచారం. గొలుసు ఎక్కడా తెగలేదు, గోప్యత మాత్రం పోయింది.

మరొక చిక్కు చట్టపరమైనది. 2018 మే 25 నుండి అమలులో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధనలు, కొన్ని సందర్భాలలో తమ సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును పౌరులకు ఇస్తున్నాయి. గొలుసులో వ్రాసినది తొలగించ వీలులేనిది. రికార్డును బయట ఉంచి హాష్‌ను మాత్రమే గొలుసులో చేర్చడానికి ఇదియు ఒక బలమైన కారణం.