అవ్వ పాట సగంలో ఆగిన దినము



ఈ నెల మేము చేసిన ఒక తప్పును ఒప్పుకొని ఈ శీర్షికను ఆరంభించవలసి ఉన్నది.

అమ్రాబాద్ ప్రాంతంలోని ఒక పల్లెలో విశ్వాసియైన ఒక అవ్వ ఉన్నది. ఆమె కుమారుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, భార్యను వెంటబెట్టుకొని, దూర రాష్ట్రంలో కట్టడపు పనికి వెళ్లాడు. ఒక రాత్రి అతని దేహాన్ని అంబులెన్సులో తెచ్చి ఇంటి ముందు దింపారు. తెల్లవారుజామున మేము చేరుకునేసరికి అవ్వ కుమారుని తల ప్రక్కన కూర్చుండి రాగం తీసి ఏడుస్తున్నది.

అది ఒట్టి ఏడుపు కాదు, పాట. మేకపిల్ల వెంట పరుగెత్తి కాలికి ముల్లు గుచ్చుకొన్న చిన్ననాటి దినమును ఆమె తలచుకొన్నది. అచ్చంపేట బస్టాండులో బస్సు ఎక్కుతూ వెనుకకు తిరిగి చూచిన చూపును తలచుకొన్నది. పండుగకు వస్తానని చెప్పిన మాటను గుర్తుచేసి, మాట తప్పినావేమని చచ్చినవానినే అడిగింది. ప్రతి మాట చివర "కొడకా" అన్న పిలుపు వచ్చేది. ఆ పిలుపు రాగానే చుట్టూ ఉన్న ఆడవారందరు గొంతు కలిపేవారు.

మేము ముందుకు వెళ్లి, "అవ్వా, ఊరుకో. మనం నిరీక్షణ లేనివారి వలె ఏడ్వకూడదు" అని చెప్పి, పరలోకమును గూర్చిన కీర్తన ఒకటి ఎత్తుకొన్నాము. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొన్నది. భూస్థాపన క్రమంగా, నెమ్మదిగా జరిగింది. మంచి సాక్ష్యంగా జరిగిందని మేము సంతోషించి ఇంటికి వచ్చాము.

తరువాత నెలలు గడిచాయి. అవ్వ ఏ ఆదివారము మానలేదు. కాని పాటల పుస్తకం తెరచినప్పుడు ఆమె పెదవులు కదలడం లేదు. "చేన్ల కలుపు తీసేటప్పుడు గూడ పాట ఎత్తుతలేదు. అవ్వ ఎత్తకుంటే మాకు పాటే రాదాయె" అని తోటి స్త్రీలు చెప్పారు. ఒక సాయంత్రము మేము ఆమె ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాము. చాలాసేపటికి ఆమె నోరు విప్పింది.

"అయ్యగారూ, ఆ దినం నా కొడుకు పాట సగంల ఆగిపోయింది. మిగిలిన సగం ఈడ్నే ఉన్నది" అని రొమ్ము మీద చెయ్యి వేసుకొన్నది. మళ్లీ, "ఏడిస్తే దేవునికి కోపమొస్తదా?" అని అడిగింది.

మాకు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి బైబిలు తెరిచాము.

మేము ఆమెను ఊరుకోబెట్టినది థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయములోని మాటతో. ఆ మాటను తిరిగి చదివినప్పుడు మా పొరపాటు మాకు తెలిసింది. నిరీక్షణ లేనివారు దుఃఖించే విధంగా దుఃఖించవద్దని అపొస్తలుడు చెప్పాడు గాని, దుఃఖించనే వద్దని చెప్పలేదు. లాజరును లేపబోవుచున్నానని తెలిసి కూడ ప్రభువు ఆ సమాధి యొద్ద కన్నీరు విడిచాడు. స్తెఫను హతసాక్షియైనప్పుడు భక్తిగల మనుష్యులు అతనిని పాతిపెట్టి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో చదువుతాము. ఆకాశము తెరవబడుట చూచిన ఆ స్తెఫను కొరకే సంఘము అంతగా ఏడ్చింది. అది అవిశ్వాసమని లేఖనము ఎక్కడా అనలేదు.

ఇంకా వెదకగా, శోకపు పాట లేఖనములలో మనము అనుకొన్నదానికంటె ఎక్కువ చోట్ల కనబడింది. సౌలు, యోనాతాను గిల్బోవ కొండల మీద పడిపోయినప్పుడు దావీదు పాట కట్టాడు. దానికి ధనుర్గీతమని పేరు. యూదావారు దానిని నేర్చుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అందులో ఒకే మాట మూడుసార్లు తిరిగి వస్తుంది, మన పల్లె పాటలో పల్లవి తిరిగి వచ్చినట్టే. మంచు కురియవద్దని, వాన పడవద్దని కొండలతో మాట్లాడుతాడు. మన అవ్వలు చెట్టుతో, చేనుతో, వాగుతో మాట్లాడినట్టే. యిర్మీయా 9వ అధ్యాయములో రోదనము చేయు స్త్రీలను పిలిపించుమని, వారు తమ కుమార్తెలకు ఆ పాట నేర్పవలెనని ప్రవక్త ద్వారా దేవుడే చెప్పించాడు. మేము నోరు మూయించిన పనిని ఆయన నేర్పుమన్నాడు.

కీర్తనల గ్రంథమును చూడండి. మన బైబిలులో 22వ కీర్తనకు పైన ఒక రాగము పేరు ఉన్నది: అయ్యలెత్ షహరు. ఉదయపు లేడి అని దాని అర్థం. 56వ కీర్తన రాగము పేరులో ఒక గువ్వ ఉన్నది. లేడి, గువ్వ అన్న ఈ పేర్లు ఆనాటి ప్రజలు ఎరిగిన పాటలవని పండితులనేకులు భావిస్తారు. అనగా సిలువ మీద ప్రభువు తలచుకొన్న 22వ కీర్తన కూడ జనులు అంతకుముందే ఎరిగిన రాగములో పాడబడి ఉండవచ్చును. పాలమూరు పల్లెలో పుట్టిన రాగము దేవుని సన్నిధికి తగదని మనము ఎట్లు చెప్పగలము?

ఈ రాగాలు ఎక్కడ పుట్టాయో కూడ ఆలోచించాలి. అమ్రాబాద్ నల్లమల మీద ఉన్న మెట్ట ప్రదేశము. దక్షిణమున కృష్ణ లోయలో పారుతున్నా పైనున్న చేలకు వానే దిక్కు. వాన తప్పినప్పుడు మనుష్యులు పొట్ట చేతపట్టుకొని వెళ్లారు. దేశములో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన కూలీలను "పాలమూరు లేబరు" అనే పిలిచారు. పిల్లలను అవ్వల దగ్గర విడిచి వెళ్లిన తల్లులు ఎందరో. ఇసుర్రాయి దగ్గర, కలుపు చేనులో, ఊయల ప్రక్కన, పెండ్లి అప్పగింతలప్పుడు వారు పాడిన పాటలలో ఆ ఎడబాటు అంతా ఉన్నది. 137వ కీర్తనలో బబులోను నదుల ఒడ్డున కూర్చున్నవారి దుఃఖము మన పాలమూరు తల్లికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

లోకము ఈ పాటల విలువను మనకంటె ముందు గుర్తించింది. 2016లో ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, లింగాల మండలానికి చెందిన దర్శనం మొగులయ్య గారు 12 మెట్ల కిన్నెర వాయిస్తూ వీరగాథలు పాడేవారు. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలతో చేసిన ఆ వాద్యము పట్టుకొని ఊరూరా తిరిగిన ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. దావీదు వాయించిన సితారాకు హెబ్రీ భాషలో పేరు కిన్నోర్ అని చదివినప్పుడు మాకు ఆ కిన్నెరే జ్ఞాపకము వచ్చింది. ఈ జిల్లాకే చెందిన గోరేటి వెంకన్న గారు చేతివృత్తులు కూలిపోయిన పల్లె దుఃఖమును పాటగా కట్టగా, అది 2002లో వచ్చిన "కుబుసం" చిత్రము ద్వారా తెలుగు నేల అంతటా వినబడింది. పట్టణములలో స్థిరపడినవారు కూడ దానిని విని కంట తడిపెట్టారు. తమ తల్లి గొంతు అందులో వినబడినది గనుకనే ఏడ్చారు.

మరి మన సంఘములలో ఏమైనది? మన పెద్దలు రక్షణలోనికి వచ్చినప్పుడు పాత పాటలు విడిచిపెట్టారు. అన్యదేవతల స్తుతి ఉన్నవాటిని, బూతు మాటలున్నవాటిని విడువవలసినదే. అందులో మాకు సందేహము లేదు. కాని వాటితోపాటు ఊయల పాటను, ఇసుర్రాయి పాటను, శోకపు పాటను కూడ లోకపు పాటలని చెప్పి గడప బయట పడవేశాము. గరిక పీకబోయి జొన్న మొలకను కూడ పీకినట్టయినది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తెలుగువారు ఎరిగిన రాగ తాళములలోనే క్రైస్తవ కీర్తనలు రచించారు. అందుచేతనే ఇన్ని తరములు గడిచినా అవి మన నోళ్లలో నిలిచి ఉన్నవి. ఆయన చేసిన పని పల్లె రాగముల విషయములో మనము కొనసాగించలేదు.

ఫలితము ఏమంటే, మన కూడికలలో సంతోషించువానికి నూరు పాటలున్నవి, ఏడ్చువానికి మూడో నాలుగో ఉన్నవి. అప్పుల పాలైన రైతు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, పెనిమిటి వలసపోయిన యౌవనస్థురాలు ముగ్గురూ చప్పట్లు కొట్టి పాడవలసి వస్తున్నది. కీర్తనల గ్రంథము అట్లు కట్టబడలేదు. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. దానిని కూడ దేవుడు తన గ్రంథములో ఉంచాడు. అట్టి దినములలో ఉన్న తన బిడ్డకు కూడ ఒక పాట అవసరమని ఆయన ఎరుగును.

మేము తిరిగి అవ్వ దగ్గరకు వెళ్లాము. యోహాను సువార్త 11వ అధ్యాయము చదివి, "అవ్వా, ఆ దినం మేమే తప్పు చేసినాము. మిగిలిన పాట పాడు" అని వేడుకొన్నాము. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అవ్వ మొదట సన్నగా, తరువాత గొంతు విడిచి పాడింది. కొడుకును పిలిచింది. ముద్ద తినకుండా పోయినావేమని నిష్ఠూరమాడింది. తరువాత, మాకు తెలియకుండానే, "కొడకా" అన్న పిలుపు "దేవా" అన్న పిలుపుగా మారింది. నీ కొడుకును కూడ నీవు సిలువ మీద చూచినావు గదా, నా కడుపు నీకు తెలుసు అన్నది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. పిలుచుట, తలచుకొనుట, మొర పెట్టుట, అప్పగించుట: కీర్తనలలో మేము చదివిన వరుస అదే. ఆ దినమున మేము ఆమెను మూడవ మెట్టు మీద ఆపివేశాము. నాలుగవది ఆమెను ఎక్కనియ్యలేదు.

ఆ మరుసటి ఆదివారము అవ్వ పెదవులు కదిలాయి.

ప్రియులారా, మీ ఇంట్లో అవ్వ గాని, అమ్మమ్మ గాని, మేనత్త గాని ఉన్నారా? ఈ నెల కుటుంబ ప్రార్థన తరువాత టీవీ కట్టివేసి, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, వారి చిన్ననాటి పాట ఒకటి పాడుమని అడగండి. ఆ పాట వెనుక ఎవరున్నారో, ఏ కరవున్నదో, ఏ ప్రయాణమున్నదో అడిగి తెలిసికొనండి. మీ పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని వినండి. మాటలు ఒక నోటు పుస్తకములో వ్రాసి పెట్టుకొనండి. అవ్వలు వెళ్లిపోయిన తరువాత ఆ పాటలు అడుగుటకు మనకు ఎవరూ ఉండరు.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటే. చావు ఇంటికి వెళ్లినప్పుడు వెంటనే పాటల పుస్తకము తెరువవద్దు. ముందు ఆ తల్లి పాట పూర్తి కానివ్వండి. ఏడ్చువారితో ఏడ్వవలెనని ఆజ్ఞ పొందినవారము మనము. పునరుత్థానమును గూర్చిన మాట తప్పక చెప్పవలసినదే. కాని లాజరు సమాధి యొద్ద ప్రభువు మరియతో కూడ ఏడ్చిన తరువాతనే రాయి తీసివేయుమన్నాడు.

కన్నీటిని నాట్యముగా మార్చగల దేవుడు మీ గృహములలో మూగబోయిన ప్రతి గొంతును తిరిగి తెరచును గాక. ఆమేన్.