నోయెల్ షవాస్ వెనుకకు మరలవలసినదా?

విక్టోరియా క్రాసు పతకమును రెండుమారులు బడసినవారు ఇంతవరకు మువ్వురే. ఆ మువ్వురిలో ఇద్దరు వైద్యులు. వీరత్వమనగా చంపుటయే యని తలంచు మన బాలురు ఈ సంగతిని ఒకింత యోచింపవలెను.

వారిలో నొకడు కెప్టెన్ నోయెల్ షవాస్. లివర్పూలు బిషప్పుగారి కుమారుడు. 1908లో లండను ఒలింపిక్ పందెములలో 400 మీటర్ల పరుగునందు పాల్గొన్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధమున లివర్పూల్ స్కాటిష్ పటాలమునకు వైద్యుడయ్యెను. 1916 ఆగస్టులో ఫ్రాన్సునందలి గియ్యెమాన్ గ్రామము చెంత, శత్రువుల కందకమునకు 25 గజముల దూరమున పడియున్న ముగ్గురు క్షతగాత్రులను రాత్రివేళ వెదకి తెచ్చెను. చనిపోయిన సైనికుల గుర్తుబిళ్ళలను గూడ ఏరి తెచ్చెను. తమ బిడ్డ యేమయ్యెనో తలిదండ్రులకు తెలియవలెను గదా! మొదటి పతకము అప్పటిది.

1917 జూలై 31న బెల్జియములోని ఈప్ర్ పట్టణమునకు సమీపమున మరల యుద్ధము సాగెను. గాయపడినవానిని మోసికొని వచ్చుచుండగా షవాసు తలకే గాయము తగిలెను. అయినను ఆయన తన స్థానమును వీడక, తిండిలేక, వానలో, బురదలో రెండు దినములు క్షతగాత్రులను వెదకుచు చికిత్స చేయుచుండెను. ఆగస్టు 2న ఫిరంగిగుండు ప్రేలి కడుపునకు ప్రాణాంతకమైన గాయమయ్యెను. 4న మరణించెను. వయస్సు 32 ఏండ్లు. అంతకు నెలదినముల క్రిందటనే తమ్ముడు ఐడన్ యుద్ధభూమిలో కానరాకపోయియుండెను.

తలగాయము తగిలినప్పుడే ఆసుపత్రికి పోయియుండిన, ఆయన బ్రదికి వేలమందిని బ్రదికించియుండునే యని కొందరనవచ్చును. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. నేనును కొంతకాలము ఇట్లే తలంచితిని. కాని వానలో పడి మూల్గుచున్నవారిని ఆయన వెదకి తేకున్న పలువురు అచ్చటనే మరణించియుందురు. ముందు రాబోవు రోగులకొరకు నిన్ను విడిచిపోవుచున్నానని వారిలో నెవనితో చెప్పవలెను? ఆయన చేసినది తప్పని నేననజాలను.

షవాసును ఆసుపత్రికి చేర్చిన వైద్యదళమునకు అధిపతి ఆర్థర్ మార్టిన్ లీక్. రెండు పతకముల రెండవ వైద్యుడీయనయే. యుద్ధమునకు పూర్వము, ఆ కాలమున మన వాల్తేరువరకు నడచిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో వైద్యాధికారి. ఈయన బ్రదికెను, యుద్ధము ముగిసిన పిదప ఆ రైల్వే కొలువునకే తిరిగివచ్చి పెక్కేండ్లు రోగులను చూచుచుండెను.