తాతలు దింపిన డప్పు



మన పల్లెల పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే హైదరాబాదు మాదాపూరులో, 1998 నవంబరులో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు దగ్గరలోనే శిల్పారామము ఉంది. 1992లో ఏర్పడిన ఈ చేతివృత్తుల గ్రామములో జానపద కళాకారులు ప్రదర్శనలు ఇస్తుంటారు. డప్పు కూడా అక్కడ వేదిక ఎక్కింది. ఆటగాళ్లు అడుగు కలిపి, వంగి లేస్తూ దరువు వేస్తుంటే కంప్యూటరు ఉద్యోగులు సెల్‌ఫోనుల్లో ఫొటోలు తీసుకుంటారు. వారిలో మన సంఘముల పిల్లలూ ఉంటారు. వారిలో ఒకరు సెలవుకు ఇంటికి వచ్చి, "మన గుడిలో కీబోర్డు ఉంది, ప్యాడ్లు ఉన్నాయి, డప్పు ఎందుకు లేదు నాన్నా?" అని అడిగితే ఏమి చెప్పాలి?

అది జాతరల వాద్యము అని చెప్పి ఊరుకోవడము తేలికే. కాని మన తాతల సంగతి అంత చిన్నది కాదు.

గుండ్రని చట్రము, దానికి బిగించిన తోలు, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. ఇంతే వస్తువు. పెళ్లికి ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ, జాతరకు మరొకటి. వినగానే ఊరికి సంగతి తెలిసిపోయేది. అయితే ఆ వాయించే పని మాదిగ పేట మీద వెట్టిగా పడింది. రమ్మని పిలవడము కాదు, రావలసిందే. కూలి అంటే కొన్ని గింజలు.

జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఆ రోజులలో విశ్వాసులైనవారు అమ్మవారి కొలుపులలో ఇక డప్పు కొట్టబోమన్నారు. ఊరి పెద్దలకు కోపము వచ్చింది. పని ఇవ్వలేదు, నీళ్లు తోడుకోనివ్వలేదు. అయినా వారు డప్పు ఎత్తలేదు. ఆకలికి ఓర్చి దింపిన డప్పు అది. దానిని మనము మూఢనమ్మకము క్రింద కొట్టివేయకూడదు, "మన కళ" అంటూ తొందరపడి తిరిగి భుజాన వేసుకోనూ కూడదు. వారు కాదన్నది కొలుపునూ వెట్టినీ అని, దరువును కాదని నా అభిప్రాయము.

ఆఫ్రికాలో ఘానా, టోగో దేశములలో ఎవే అనే ప్రజలున్నారు. డోలు, ఆట వారికి ఊపిరి వంటివి. ఇనుప గంట కాలము పట్టి ఉంచుతుంది, పెద్ద డోలు నడిపిస్తుంది, చిన్నవి బదులు పలుకుతాయి. వారి అగ్బాజా ఒకప్పటి యుద్ధనాట్యము. ఇప్పుడు చావులకూ పండుగలకూ ఊరంతా కలిసి ఆడతారు. 1847లో జర్మనీ దేశపు బ్రెమెన్ మిషనరీలు పెకి అనే ఊరికి వచ్చారు. నమ్మినవారు డోలు ముట్టకూడదన్నారు. అదే పెకి ప్రాంతములో 1899లో పుట్టిన ఎఫ్రాయిము ఆము, సంఘము కొరకు తమ భాషలో పాటలు కట్టాడు, దేశీయ వాద్యములు వాడాడు, దేశపు బట్టలు కట్టి ప్రసంగించాడు. అందుకు 1933లో అక్రోపాంగ్ శిక్షణ కళాశాలలో ఉద్యోగము పోయింది. నేడు ఘానా సంఘములలో కానుకలు అర్పించే వేళ డోళ్లతో ఆడుతూ ముందుకు వస్తారు.

కాని వారి డోలు జాతి అందరిది. మన డప్పును ఊరంతా విని, ఒక్క పేట మెడకే తగిలించింది. కనుక వారిని చూసి మనము అలాగే చేయలేము. రాత్రివేళ తన తండ్రిని కేకవేసి డప్పుతో రమ్మన్న సంగతి గుర్తున్న పెద్దాయన, గుడిలో ఆ శబ్దము విని సంతోషిస్తాడా? ఆయన అభ్యంతరమే నాకు బరువైనదిగా తోస్తుంది. విగ్రహముల మాట తరువాత.

వాక్యము సంగతి అడుగుతారేమో. నిర్గమకాండము 15వ అధ్యాయములో మిర్యాము చేత పట్టినది, 150వ కీర్తనలో నాట్యముతో కలిపి చెప్పినది మన బైబిలులో "తంబుర" అని ఉంది. మనకు తంబుర అంటే తీగలది. హెబ్రీలో ఆ మాట తోఫ్. అది చేతితో పట్టుకుని వాయించే, తోలు బిగించిన గుండ్రని వాద్యము. డప్పుకు దగ్గర చుట్టమే!

కావాలనుకునే సంఘము ముందుగా ఆ ఇండ్ల పెద్దలనే అడగాలి. వారు వద్దంటే వద్దు. సరేనంటే వాయించేవారిని గౌరవముగా పిలిచి, కూలి చేతికివ్వాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సైతము డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది, 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. మనము ఉచితమనుకుంటే ఎట్లా? నేర్చుకునే చేతులు ఒక్క పేటవే కాకుండా అందరి పిల్లలవీ కావాలి.

రేకుల గుడి లోపల ఆ మోతకు చెవులు నిలవవు. క్రిస్మసు రాత్రి పాటలతో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మొదలుపెట్టడము మంచిది. డిసెంబరు మంచుకు తోలు మెత్తబడి పలకదు, నాలుగిండ్లకు ఒకసారి మంట దగ్గర కాచుకోవాలి. ఎండుగడ్డి ముందుగానే చూసి పెట్టుకోండి.