ప్రత్తి మనది, మందు పరులది

చల్లపల్లినుండి మోపిదేవి, అవనిగడ్డల మీదుగ నాగాయలంకకు పోవు బాట కృష్ణామండలవాసులకు సుపరిచితము. ఆ బాట చివర, సముద్రతీరమున గుల్లలమోదకడ, క్షిపణుల పరీక్షాక్షేత్రమును నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో ఆమోదము తెల్పినది. దివిసీమకు దక్కిన యీ గౌరవమునకు మేము సంతసించితిమి. కాని క్షిపణు లెగురనున్న యీ సీమలో, లైసెన్సు పొందిన గురికాడు తన ఖాళీ తూటాను మరల నింపుకొనుటకు వలయు పిడికెడు పొగలేని మందు స్వదేశపు సరకుగ ఏ యంగడిలోను మాకు గానరాలేదు. పెద్దదానిని సాధించిన జాతికి చిన్నది చేతగాకపోవుట యెట్లు? చేతగాక కాదు, మనసు లేక యని మా యభియోగము.

ఆ మందు ఏ పదార్థముతో పుట్టుచున్నదో మన రైతు లెఱుగవలయును. పూర్వపు నల్లమందు సురేకారము, గంధకము, బొగ్గుల మిశ్రమము. 1884లో ఫ్రాన్సుదేశపు రసాయనవేత్త పాల్ వియే తొలి పొగలేని మందును కనిపెట్టెను. 1889లో ఆంగ్లేయులు కార్డైటును చేసికొనిరి. వీని కన్నిటికిని మూలము ప్రత్తి. జిన్నింగు మిల్లులో దూది తీసిన పిమ్మట గింజ నంటియుండు పొట్టినూగును లింటరందురు. ఆ నూగును ఆమ్లములతో సంస్కరించినచో నైట్రోసెల్యులోజు లభించును. అదియే పొగలేని మందునకు ప్రాణము. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలలోను, కృష్ణ కావలనున్న గుంటూరు నల్లరేగడిలోను ఏటేట తెల్లబడు చేలు చూచినవారికి, ముడిసరకు లేదన్న మాట పరిహాసముగ దోపకమానదు.

చల్లపల్లికి చేరువనే భట్లపెనుమఱ్ఱు గలదు. జాతీయపతాక రూపకల్పనచే కీర్తిగాంచిన పింగళి వెంకయ్యగారు జన్మించిన గ్రామ మదియే. దక్షిణాఫ్రికా యుద్ధమున వారు సైనికులుగ నుండిరి. పొగలేని మందుతో కాల్చు బోయరుల తుపాకి ఎక్కడనుండి ప్రేలుచున్నదో తెలియక ఆంగ్లసైన్యము తల్లడిల్లిన యుద్ధ మదియే. స్వదేశమునకు మరలి వచ్చి వారు చేసిన కృషి ప్రత్తిమీద. అందుచేతనే జనులు వారిని పత్తి వెంకయ్యయని పిలిచిరి. ఆ తుపాకిని, ఈ ప్రత్తిని ఒక్క జీవితమున నెఱిగిన మహనీయుని పొరుగువారమైన మనము, ఆ రెంటికి నడుమనున్న సంబంధమును మఱచి కూర్చుంటిమి.

ఈ మఱపు మనకై మనము తెచ్చికొన్నది కాదు; పరపాలకులు నేర్పినది. 1878లో లిట్టను ప్రభువు ఆయుధచట్టమును తెచ్చి, తెల్లవానికి మినహాయింపును, మనవానికి నిషేధమును ప్రసాదించెను. ఫ్రాన్సులో పొగలేని మందు పుట్టిన 1884వ సంవత్సరముననే ఇచ్చట ప్రేలుడు పదార్థముల చట్టము పుట్టినది. ఒక దేశమున ప్రయోగశాల తలుపు తెఱచుకొనుచుండ మరియొక దేశమున కొట్టునకు తాళము పడినది! నీలగిరులలోని అరువంకాడులో 1904లో వెలసిన కార్డైటు కర్మాగారము సామ్రాజ్య సైన్యమునకేకాని ప్రజలకు గాదు. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చి తీర్మానించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున దానికి చోటు లభింపలేదు. 1959నాటి ఆయుధచట్టమైనను పైరు కాపుదలకు రైతునకు ప్రధానముగ చూపినది గొట్టము మూతినుండి నల్లమందు కూరు తుపాకినే. ఆ తుపాకిలో పొగలేని మందు పోసినచో గొట్టమే పగులును. రైతు విషయమున మన శాసనకర్తల యూహ పందొమ్మిదవ శతాబ్దమును దాటి రాలేదనుట కింతకన్న నిదర్శన మేల?

ఇక నేటి కఱవును చూతము. 2022లో ఉక్రెయిను యుద్ధము విజృంభించిన పిమ్మట యూరపు కర్మాగారముల మందు పెద్దయెత్తున ఫిరంగిగుండ్లకు పోవుచున్నది. గుండ్ల యుత్పత్తికై యూరపు సంఘము 2023లో నిర్ణయించిన 50 కోట్ల యూరోలలో సుమారు ముప్పాతికభాగము మందునకు, ప్రేలుడు పదార్థములకు కేటాయింపబడినది. అయినను లింటరు కొఱకు ఆ దేశములు చీనావైపు చేయి చాచుచున్నవి. అమెరికాలో అలయంటు కంపెనీ 2024లో నైట్రోసెల్యులోజు కొఱతవలన తన మందు సరఫరాను కొంతకాలము నిలిపివేసినది. ఇట్టి వేళ ముందుగ మాయమగునది తేలిక తూటాల మందు. స్వల్పమైన మోతాదుతో, తక్కువ తన్నుతో ప్రేలుటకు ప్రత్యేకముగ చేయు మందది, కొనువారు కొందఱే. ఆస్ట్రేలియాలో తయారై అమెరికాలో అమ్ముడుపోవు ట్రెయిల్ బాస్ అను మందు ఇటీవలి సంవత్సరములలో అంగళ్లలో దొరకుటయే యరుదైనది. యజమాని యింటనే తిండికి కటకట యైనప్పుడు, విస్తరి ముందు కూర్చుండిన పరాయివానికి మిగులున దేమి?

ఆ పరాయివాడు మన పిల్లవాడే. ఎగురు మట్టిపళ్లెములను గురిచూచు పందెమున తూటాలో 24.5 గ్రాములకు మించి గుళ్లుండరాదని అంతర్జాతీయ నియమము. అట్టి తేలిక తూటాలను వేలకొలది కాల్చినగాని చేయి కుదురదు. 0.22 తూటాను మరల నింప వీలుకాదు. కాని గుళ్లతూటాను, 0.32 పిస్తోలు తూటాను నింపుకొనవచ్చును. మందు దొరకనివాడు విదేశపు తూటాను విదేశపు ధరకు కొనవలసినదే. 2024 పారిసు క్రీడలవఱకు తుపాకి పందెములలో భారతదేశము గెలిచిన ఒలింపిక్ పతకములు 7. అందు 4 మందుతో పనిలేని గాలితుపాకివి. మన హైదరాబాదు బిడ్డడు గగన్ నారంగు 2012లో తెచ్చిన కాంస్యమును గాలితుపాకిదే. గాలి స్వదేశములో దొరకును. దానికి లైసెన్సు లేదు, దిగుమతి లేదు! ఈ లెక్కకు కారణములు పెక్కు లుండవచ్చును. మందు కఱవు వానిలో నొకటికాదని మాత్ర మెవ్వ రనగలరు?

ప్రేలుడు సామగ్రిని ప్రజల చేతి కిచ్చుట ప్రమాదము కాదా యని కొంద ఱడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. 2025 ఏప్రిలు 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలమున బాణసంచా కేంద్రము ప్రేలి 8 మంది కూలివాండ్రు మరణించిరి. ఆ దుఃఖమును మేము తేలికగ తీసికొనము. కాని అది మందును పెద్దయెత్తున కలిపి, దంచి, నిలువచేయు చోటి ప్రమాదము. మే మడుగునది ప్రతి యింట మందు తయారుచేయనిమ్మని కాదు. పరీక్షించి, ముద్రవేసి, తూచి, లైసెన్సులో వ్రాసి యిచ్చు చిన్న డబ్బాను మాత్రమే యడుగుచున్నాము. తుపాకి నిచ్చునప్పుడు నమ్మిన మనుష్యుని, చెంచాడు మందు నిచ్చునప్పుడు శంకించుట యే నీతి? న్యాయమార్గమున దొరకని వస్తువునకు దొంగమార్గము తానై యేర్పడును. అడవిపందులకై పొలముగట్లమీద విద్యుత్తు తీగలు పఱచి, మనుష్యులను, పశువులను బలిగొనుచున్న దుస్థితి అట్టి దొంగమార్గములలో నొకటి.

విద్య మనకు లేదా? అరువంకాడు శతాబ్దమునకు పైబడి మందు చేయుచున్నది. పూనా చెంతనున్న ఖడ్కీ కర్మాగారము తూటాలు చేయుచున్నది. 2021 అక్టోబరు 1న ఆ రెండును మునిషన్సు ఇండియా అను ప్రభుత్వ కంపెనీ క్రిందికి వచ్చినవి. కంపెనీయన్న పిదప వర్తకము చేయవలదా? ఏడాదికి కొలదిపాటి తేలికమందును క్రీడాసంఘములకును, లైసెన్సుదారులకును కేటాయించుట దానికి భారముగాదు. కృష్ణా, గుంటూరు మిల్లుల లింటరును శుద్ధిచేయు పరిశ్రమను ఈ ప్రాంతముననే స్థాపించినచో ప్రత్తిరైతునకు గింజమీదకూడ నాలుగు రూపాయలు మిగులును.

1611లో మచిలీబందరున దిగిన ఆంగ్లవర్తకుడు మన ప్రత్తిని కలంకారీగ కొనిపోయెను. బీహారు సురేకారముమీద గుత్తాధిపత్యమును 1758లో సంపాదించి, ఆ మందుతోనే మనల నేలెను. ఆ కథ ముగిసినదని మన మనుకొంటిమి. నూగు మన గింజమీద నుండగనే మందు కొఱకు పరుల గుమ్మమున నిలుచున్నంతకాలము అది ముగియలేదు. గుల్లలమోదనుండి క్షిపణి యెగురు నాటికైనను, ఆ బాటప్రక్క పల్లెలోని కుఱ్ఱవాడు స్వదేశపు మందుతో నింపిన తూటాతో గురి నేర్చునట్లు చేయుడని మేము పాలకులను నిలదీయుచున్నాము.