మరియా గ్రీన్‌బెర్గ్: రాజ్యం వినిపించని పియానో

1970లో సోవియట్ ప్రభుత్వ రికార్డుల సంస్థ మెలోదియా 13 ఎల్పీ రికార్డుల సంపుటి ఒకటి విడుదల చేసింది. బీథోవెన్ పియానో కోసం రచించిన 32 సొనాటాలూ అందులో ఉన్నాయి. అన్నింటినీ వాయించినది ఒక్కరే, మరియా గ్రీన్‌బెర్గ్. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఆ మహాకార్యాన్ని అంతకుముందు ఏ సోవియట్ వాదకుడూ పూర్తి చేయలేదు. సంగీతాన్ని జాతీయ ప్రతిష్ఠగా చెప్పుకునే దేశంలో అది నెలల తరబడి చర్చ సాగవలసిన ఘట్టం. కానీ పత్రికలు పలకలేదు. సోవియట్ స్వరకర్తల సంఘం పత్రిక 'సోవెత్‌స్కయా ముజికా'లో ఆ సంపుటిపై ప్రొఫెసర్ యాకోవ్ మిల్‌స్టెయిన్ సమీక్ష వెలువడేసరికి 1978 వచ్చింది. మరో మూడు నెలలకు ఆమె కన్నుమూశారు.

ఈ ఎనిమిదేళ్ల మౌనానికి నిషేధం అనే పేరు పెట్టడం కుదరదు. రికార్డులు ప్రభుత్వమే అచ్చువేసింది, ప్రభుత్వమే అమ్మింది. ఆమె కచేరీలకు మాస్కోలోనూ లెనిన్‌గ్రాడ్‌లోనూ శ్రోతలు తరలివచ్చేవారు. నిషేధించిన పుస్తకానికి, బహిష్కరించిన కవికి చరిత్ర ఏదో ఒకనాడు లెక్క చెబుతుంది, ఎందుకంటే నిషేధానికి ఉత్తర్వు ఉంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. పట్టించుకోకపోవడానికి అవేవీ ఉండవు. గ్రీన్‌బెర్గ్ విషయంలో సోవియట్ రాజ్యం చేసిన అన్యాయాలలో అతి సుదీర్ఘమైనది ఇదే. అతి క్రూరమైనది మాత్రం అంతకు చాలా ముందే జరిగిపోయింది.

ఆమె 1908లో ఒడెస్సాలోని యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి హీబ్రూ పండితుడు, తల్లి పియానో పాఠాలు చెప్పేవారు. మాస్కో చేరి ఫెలిక్స్ బ్లూమెన్‌ఫెల్డ్ వద్ద శిష్యరికం చేశారు. అంతకుముందు కీవ్‌లో వ్లాదిమిర్ హోరోవిట్జ్‌ను తీర్చిదిద్దిన గురువు ఆయనే. 1931లో బ్లూమెన్‌ఫెల్డ్ మరణించాక కాన్‌స్తాంతిన్ ఇగుమ్నోవ్ వద్ద చదువు కొనసాగింది. 1935లో అఖిల సోవియట్ పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. ఇరవై ఏడేళ్లు నిండకముందో నిండాకనో ఇంత పేరు తెచ్చుకున్న వాదకురాలికి ముందున్న దారి రాచబాటే కావాలి.

1937లో ఆమె భర్తను, తండ్రిని అరెస్టు చేసి, 'ప్రజాశత్రువులు' అన్న ముద్రతో కాల్చి చంపారు. భర్త స్తానిస్లావ్ స్టాండె పోలిష్ కవి, కమ్యూనిస్టు. తాను నమ్మిన సిద్ధాంతం రాజ్యమేలుతున్న దేశానికి వచ్చి, ఆ సిద్ధాంతం పేరుతోనే ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు పోలిష్ కమ్యూనిస్టు పార్టీనే కమింటర్న్ రద్దు చేసింది. ప్రవాసంలో ఉన్న ఆ పార్టీ నాయకులలో అత్యధికులు అప్పటికే మాస్కో జైళ్లలోనో సమాధుల్లోనో ఉన్నారు.

ప్రజాశత్రువు భార్యకు, ప్రజాశత్రువు కుమార్తెకు ప్రభుత్వ కచేరీ సంస్థల్లో చోటు లేదు. కచేరీ సంస్థలన్నీ ప్రభుత్వానివే. గ్రీన్‌బెర్గ్ ఒక ఔత్సాహిక నృత్య బృందానికి పక్కవాద్యం వాయించే పనిలో కుదిరారు. అప్పుడప్పుడు వాద్యబృందంలో టింపనీ డోళ్లు కొట్టారు. బీథోవెన్‌ను వాయించవలసిన చేతులు డోలు కర్రలు పట్టుకున్నాయి. ఆ తర్వాత మెల్లగా మళ్లీ వేదిక ఎక్కనిచ్చారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తలుపు ఎందుకు మూశారో చెప్పనట్టే, ఎందుకు తెరిచారో కూడా చెప్పలేదు.

ఇక్కడ తొందరపడి ఒక కారణాన్ని అంటగట్టడం సులువు. యూదు కనుక అణచివేశారు అనవచ్చు. 1940ల చివర సాగిన 'విశ్వనాగరికుల' వ్యతిరేక ప్రచారం, 1953 నాటి వైద్యుల కుట్ర కేసు చూస్తే యూదుల పట్ల స్టాలిన్ పాలన వైఖరిపై సందేహం అక్కర్లేదు. అయితే ఎమిల్ గిలెల్స్ కూడా ఒడెస్సా యూదుడే. ఆయనకు 1946లో స్టాలిన్ బహుమతి, 1954లో 'సోవియట్ ప్రజా కళాకారుడు' అనే అత్యున్నత బిరుదు దక్కాయి. 1955లో అమెరికా పంపారు. పోనీ, ప్రజాశత్రువు కుటుంబం కనుక తొక్కిపెట్టారు అందామా? స్వ్యతోస్లావ్ రిఖ్తర్ తండ్రిని 1941లో ఒడెస్సాలోనే గూఢచారి అని కాల్చి చంపారు. రిఖ్తర్‌కు 1950లోనే స్టాలిన్ బహుమతి వచ్చింది. 1960లో ఆయన న్యూయార్క్‌లో వాయిస్తే ప్రపంచం నివ్వెరపోయింది. అత్యున్నత బిరుదు మాత్రం గ్రీన్‌బెర్గ్‌కు చివరిదాకా రాలేదు.

అంటే అక్కడ నియమం ఏదీ లేదు. ఒకరిని అందలమెక్కించిన చెయ్యే అదే స్థితిలోని మరొకరిని పక్కకు నెట్టింది. ఎందుకని అడిగే వీలు ఎవరికీ లేదు. నియమం ఉన్న అన్యాయంతో వాదించవచ్చు, దాన్ని తప్పించుకునే మార్గం వెతకవచ్చు. నియమమే లేనప్పుడు కళాకారుడు ప్రతి ఉదయం తలుపు చప్పుడు కోసం చెవి యొగ్గి బతకాలి. గిలెల్స్‌నూ రిఖ్తర్‌నూ తక్కువ చేయడానికి ఈ పోలిక కాదు. వాళ్లు నిస్సందేహంగా మహావాదకులు, వాళ్లకు దక్కినది వాళ్ల ప్రతిభకు తగినదే. తగినది దక్కనిది ఆమెకు.

రాజ్యమే ఏకైక పోషకుడైతే ఏమవుతుందో భారతీయ శ్రోతకు కొంత అనుభవమే. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియంను గాలితరంగాల నుంచి వెలివేసింది. 1952లో మంత్రి బి.వి.కేస్కర్ సినిమా పాటలకు ఆకాశవాణిలో చోటు లేకుండా చేశారు. ఆ అభిరుచి శిక్షణను జనం ఎక్కువ కాలం భరించలేదు, రేడియో ముల్లు తిప్పి సిలోన్ పెట్టుకున్నారు. గ్రీన్‌బెర్గ్‌కు అలాంటి సిలోన్ లేదు. కచేరీ మందిరం, రికార్డుల కంపెనీ, పత్రిక, పాస్‌పోర్టు, నాలుగూ ఒకే యజమానివి.

పాస్‌పోర్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె తొలిసారి దేశం దాటేసరికి వయసు యాభై. స్టాలిన్ మరణించి అప్పటికి అయిదేళ్లు. జీవితకాలంలో మొత్తం 14 విదేశీ పర్యటనలు, వాటిలో 12 సోషలిస్టు కూటమి దేశాలకే. రెండు సార్లు మాత్రం హాలండ్ వెళ్లనిచ్చారు. ఆ రెండు సార్లూ డచ్ విమర్శకులు ఆమెను హోరోవిట్జ్, రూబిన్‌స్టీన్, క్లారా హాస్కిల్ సరసన నిలబెట్టారు. పశ్చిమ యూరప్‌కు ఆమె ఉన్నారని తెలియడానికి ఆ రెండు కిటికీలే ఆధారం.

పశ్చిమ దేశాలూ ఇందులో నిర్దోషులు కావు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో వాళ్లకు రెండు రకాల సోవియట్ కళాకారులు కావలసి వచ్చారు. ఒకరు ప్రభుత్వం ఊరేగించి పంపే రాయబారి, మరొకరు ఆ ప్రభుత్వాన్ని వదిలి వచ్చేసిన శరణార్థి. 1963లో లండన్‌లో స్థిరపడిన అష్కెనాజీ రెండో కోవలోకి చేరారు. ఈ రెంటిలో దేనికీ చెందక, ఇంట్లో కూర్చుని సొనాటాలు సాధన చేసుకునే నడివయసు స్త్రీ మీద రాయడానికి పతాక శీర్షిక దొరకదు. ఆమె సమకాలికురాలు మరియా యూదినా పేరు నేడు సంగీతంతో పరిచయం లేనివాళ్లకు కూడా తెలుసు. దానికి యూదినా వాదన కన్నా, ఆమె స్టాలిన్‌కు తెగించి ఉత్తరం రాశారన్న కథే ఎక్కువ కారణం. 2017 నాటి 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' సినిమా ఆ కథను ప్రపంచమంతా తిప్పింది. అది నిజంగా జరిగిందనడానికి గట్టి ఆధారం ఇప్పటికీ లేదు. యూదినా గొప్ప వాదకురాలే. కానీ నియంతను ఒక్క వాక్యంతో గద్దించిన కథ లేకపోతే, నియంత చేతిలో సర్వం కోల్పోయిన మనిషిని కూడా లోకం గుర్తుపెట్టుకోదన్నమాట.

తెలుగునాట 'సోవియట్ భూమి' పత్రిక ఇంటింటికీ వచ్చిన రోజులున్నాయి. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో మాస్కో ముద్రణలు నామమాత్రపు ధరకు దొరికేవి. క్రొవ్విడి లింగరాజు అనువదించిన గోర్కీ 'అమ్మ' ఒక తరాన్నే కదిలించింది. ఆ సాహిత్యం తెలుగు పాఠకుడికి చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ కిటికీలోంచి ఏది కనిపించాలో కిటికీ పెట్టినవాడే నిర్ణయించాడు. ఇప్పుడు గ్రీన్‌బెర్గ్‌ను వినడం ఆ ప్రేమను వెనక్కి తీసుకోవడం కాదు, అందులో కనబడకుండా పోయిన గదిలోకి వెళ్లి చూడటం.

ఇంతకీ ఆమెను వినవలసింది జాలితో కాదు. ఆమె బాధల కథ తెలియకుండా ఆ రికార్డులు పెట్టినా, నాలుగు నిమిషాల్లో శ్రోత నిటారుగా కూర్చుంటాడు. ఆమె వాదనలో మొదట తట్టేది నిక్కచ్చితనం. లయ కట్టు సడలదు, ఎడమచేతి మంద్రస్వరాలు కుడిచేతి రాగానికి నేపథ్యంగా మసకబారిపోవు, తమ వాదం తాము వినిపిస్తాయి. పియానో మీద ఒకేసారి ముగ్గురు నలుగురు మాట్లాడుతున్నట్టుంటుంది, ఏ ఒక్కరి మాటా మరొకరి మాటలో మునిగిపోదు. 'మూన్‌లైట్' అన్న పేరు ఆ సొనాటాకు బీథోవెన్ పెట్టినది కాదు, ఆయన పోయాక ఒక విమర్శకుడు తగిలించినది. ఆ పేరు విన్న వాదకులు చాలామంది మొదటి భాగం మీద వెన్నెల పేరుతో పాకం పోస్తారు. గ్రీన్‌బెర్గ్ చుక్క పాకం కూడా వేయరు. దుఃఖం ఉంటుంది, దాని ప్రదర్శన ఉండదు.

'హామర్‌క్లావియర్' అని పిలిచే 106వ రచన ఏ వాదకుడికైనా అగ్నిపరీక్ష. వాయించడానికి ముప్పావు గంట వరకు పడుతుంది. 1818లో, వినికిడి దాదాపు పూర్తిగా పోయిన దశలో బీథోవెన్ దాన్ని ముగించారు. మూడో భాగమైన విలంబగతి ఒక్కటే పావుగంట పైన సాగుతుంది. అక్కడ శోకాన్ని పిండాలనే ప్రలోభానికి లొంగని వాళ్లు అరుదు. గ్రీన్‌బెర్గ్ దాన్ని నడిపించే తీరు ఏడుస్తున్న మనిషిది కాదు, ఏడ్చి ముగించి, కళ్లు తుడుచుకుని, జరిగినది జరిగినట్టు ఎదుటివారికి చెబుతున్న మనిషిది. వెంటనే వచ్చే ఫ్యూగ్‌లో అదే మనిషి కోపం బయటపడుతుంది, అది కూడా లెక్క తప్పదు. ఈ మాటల్లో ఆమె జీవితకథ ప్రభావం ఉందని ఎవరైనా ఆక్షేపిస్తే కాదనలేం. రికార్డు పెట్టి వినడమే దానికి సమాధానం.

అన్నీ సమానంగా గొప్పవని చెప్పడం అభిమానమే గాని విమర్శ కాదు. మెలోదియా ధ్వనిముద్రణ పశ్చిమ దేశాల కంపెనీల స్థాయిలో లేదు, కొన్నిచోట్ల పియానో నాదం పలచగా, కరకుగా వినిపిస్తుంది. హాస్యం తొణికిసలాడవలసిన కొన్ని తొలి సొనాటాలలో ఆమె కాస్త కటువుగా అనిపించవచ్చు. అయినా, పూర్తి సంపుటాలలో ఇదొకటి అగ్రశ్రేణిలో నిలవాలి. జర్మనీ కంపెనీ కోసం గిలెల్స్ మొదలుపెట్టిన సొనాటాల వరుస 1985లో ఆయన మరణంతో అయిదు సొనాటాలు మిగిలి అసంపూర్ణంగా ఆగింది. ఆ లోటుకు సంగీత లోకం నేటికీ నిట్టూరుస్తుంది. అదే దేశంలో, అదే ఊళ్లో పుట్టిన మరొకరు ఆ పనిని పదిహేనేళ్ల ముందే పూర్తి చేసి పెట్టారన్న సంగతి ఆ నిట్టూర్పులలో వినపడదు.

ఆమె తిరుగుబాటుదారు కాదు. బహిరంగ లేఖలు రాయలేదు, దేశం వదలలేదు. ఆమెకు మిగిలిన ఆయుధం నాలుక. రష్యన్ ఆచారం ప్రకారం తండ్రి పేరుతో కలిపి ఆమెను మరియా ఇజ్రాయిలెవ్నా అని పిలవాలి. 1967 యుద్ధం తర్వాత మాస్కో ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుని, పత్రికలు నిత్యం 'ఇజ్రాయెలీ దురాక్రమణదారులు' అని రాస్తున్న రోజుల్లో, ఆమె తనను తాను 'మరియా అగ్రెసరొవ్నా' అని పరిచయం చేసుకునేవారట, అంటే దురాక్రమణదారుడి కుమార్తె మరియా. తండ్రిని కాల్చి చంపిన రాజ్యంలో, ఆ తండ్రి పేరు మీద అల్లిన ఛలోక్తి అది. విన్నవాళ్లు నవ్వి ఉంటారు, నవ్వాక చుట్టూ చూసుకునీ ఉంటారు.

మాస్కోలోని గ్నెసిన్ సంస్థలో ఆమె పాఠాలు చెప్పారు. ప్రొఫెసర్ హోదా అందేసరికి 61 ఏళ్లు. 1978 జులై 14న ఎస్టోనియా రాజధాని తాల్లిన్‌లో మరణించారు, డెబ్భయ్యవ పుట్టినరోజుకు రెండు నెలలు కూడా లేవు. సంస్థ ప్రాంగణంలో సంతాపసభ జరపడానికి అధిపతి ఒప్పుకోలేదు. సాంస్కృతిక శాఖ ఉపమంత్రి కుఖార్‌స్కీ కల్పించుకున్నాక గాని ఆమెకు మర్యాదగా వీడ్కోలు చెప్పడం సాధ్యపడలేదు.